పిల్లికి పోసిన ఎర్రగడ్డ మజ్జిగ

మా మామ చొక్కా జేబులో ఎండాకాలమంతా ఒక ఉల్లిగడ్డ ఉంటుంది. పెన్ను, కళ్లద్దాల డబ్బా, వాటి పక్కన ఉల్లిగడ్డ. శివరాత్రి దాటగానే అది జేబులోకి ఎక్కుతుంది, వానలు పడ్డాక దిగుతుంది. అది జేబులో ఉంటే వడదెబ్బ తగలదని ఆయన నమ్మకం. నమ్మకం అనకూడదు, ఆయన ముందు ఆ మాట అంటే కోపం వస్తుంది. నిజం అనాలి.

ఆయన కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల మండీ నడుపుతాడు. కోడుమూరు వైపు నుంచి రైతులు తెచ్చిన గడ్డలను వేలం వేయించి వ్యాపారులకు అప్పజెప్పడం ఆయన పని. తన పెళ్లికి ముందు నుంచీ అదే పని, ఇప్పటికీ అదే. మా సీమలో ఉల్లిని ఎర్రగడ్డ అంటాం, వెల్లుల్లిని తెల్లగడ్డ అంటాం. మా మామకు తెల్లగడ్డ మీద పెద్ద గౌరవం లేదు. ఎర్రగడ్డ అంటే మాత్రం ప్రాణం. తలనొప్పికి ఎర్రగడ్డ, తేలు కుడితే ఎర్రగడ్డ, చెవిపోటుకు వెచ్చజేసిన ఎర్రగడ్డ రసం, నిద్ర పట్టకపోతే దిండు కింద ఎర్రగడ్డ. ఇక వడదెబ్బకైతే ఆయన వైద్యం యార్డు మొత్తానికీ తెలుసు. గడ్డను దంచి రసం పిండి, పలచటి మజ్జిగలో కలిపి తాగించాలి. మిగిలిన పిప్పిని అరికాళ్లకు రుద్దాలి. మూడు రోజులు, రెండు పూటలా. మూడు రోజులు అంటే మూడు రోజులే. మొదటి రోజే లేచి కూర్చున్న హమాలీని కూడా ఆయన మూడో రోజు దాకా వదిలిపెట్టడు.

నేను రాజంపేట దగ్గరి పల్లె నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చిన మొదటి వేసవిలోనే నాకూ ఆ వైద్యం జరిగింది. మా అత్త అరికాళ్లకు రుద్దుతుంటే, మామ గడప అవతల నిలబడి, "బాగా రుద్దు, బొటనవేలు సందుల్లో గూడా" అని అదిలిస్తూ ఉండినాడు. వారం రోజులు నా చెప్పులు నాకే ఉల్లిపాయ వాసన కొట్టాయి. బాగయ్యాననైతే ఒప్పుకోవాలి. నీళ్లు తాగి నీడన పడుకున్నందుకు బాగయ్యానని నేను లోపల అనుకున్నాను. బయటికి చెప్పే ధైర్యం లేదు.

నేనొక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఈ సంగతి ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే ముందు ముందు నాకు తలవంపులు తెచ్చేది ఇదే. మా ఆయనకు ఆదోనిలో ఉద్యోగం, పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వస్తాడు. ఈ వ్యవహారంలో ఆయన పాత్ర ఏమీ లేదు. పెద్దగా బాధపడడు లెండి.

ఇక పిల్లి. అది మండీలో, ఉల్లిగడ్డల మూటల మధ్య పుట్టింది. తల్లి ఒకరోజు పోయి మళ్లీ రాలేదు. మూటలు లాగుతుంటే అరుపు వినబడి మామ చెయ్యి పెట్టి తీశాడు. ఉల్లిగడ్డలు పోసే ఎర్ర వల సంచిలో దాన్ని వేసుకుని, స్కూటర్ హ్యాండిల్‌కు తగిలించుకుని ఇంటికి తెచ్చాడు. బూడిద రంగు మీద నల్ల చారలు, అరచేతి అంత ఉంది. మా అత్త గుమ్మం దగ్గరే ఆపేసింది.

"పిల్లిని యాడికి తెస్తాండావు? నాకు గిట్టదని తెల్దా?"

"నాకూ గిట్టదు. ఎలుకలకని తెచ్చినా," అన్నాడు మామ.

మూడేళ్లలో అది ఒక్క ఎలుకను పట్టిన గుర్తు ఎవరికీ లేదు. మామ మండీ నుంచి వచ్చి భుజం మీద తువ్వాల తీసి కుర్చీ మీద వేయడం ఆలస్యం, పిల్లి దాని మీదికెక్కి ముందుకాళ్లతో పిసికి పిసికి పడుకునేది. మామకు ఇంకో తువ్వాల వెతుక్కోవడం అలవాటైంది. దానికి పేరు పెట్టలేదు. మామ "ఏమే" అనేవాడు, అత్త "ఇది" అనేది. పిల్లి రెండింటికీ పలికేది.

మేం తినేదే అదీ తినేది. పొద్దున ఉగ్గానీ. బొరుగులు, అదే మరమరాలు, నానబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. కర్నూల్లో ఉగ్గానీ, బజ్జీ లేకుండా తెల్లవారదు. మామ కుర్చీ కింద పిల్లి కూర్చుంటుంది. ఆయన చిటికెడు చిటికెడు కిందికి వదులుతాడు. ఆదివారం కోడికూరలో ముక్క, మధ్యాహ్నం పెరుగన్నం ముద్ద. అంతా అయ్యాక అత్త చీపురు తీసుకుని వస్తే కుర్చీ కింద ఉల్లిగడ్డ ముక్కలన్నీ ఒక వారగా ఉండేవి. పిల్లి బొరుగులు నాకి, ఉల్లిని ఏరి పక్కన పెట్టేది.

"సూడు, ఎంత గీర దీనికి. ఎర్రగడ్డ ఏరి పారేస్తాది," అని అత్త రోజూ సణుగుతూ ఊడ్చేది.

మూడేళ్లు అది మాకు రోజూ పొద్దున్నే పాఠం చెప్పింది. ముగ్గురిలో ఒక్కరికీ ఎక్కలేదు. అందులో ఒకరు జువాలజీ మేడం.

ఆ ఏడు మే నెలలో ఎండ మరీ పట్టింది. ఒకరోజు మధ్యాహ్నం మిద్దె మీద రేకుల గదిలో పిల్లి చిక్కుకుంది. పొద్దున మిరపకాయలు ఎండబోయడానికి పోయినప్పుడు నేనే తలుపు వేసి వచ్చినట్టున్నాను. వెతికి తలుపు తీసేసరికి అది నోరు తెరిచి, నాలుక బయటపెట్టి రొప్పుతోంది. కుక్క రొప్పడం చూశాను గానీ పిల్లి రొప్పడం అంతవరకు చూడలేదు. చేతుల్లోకి తీసుకుంటే ఒళ్లు కాలిపోతోంది. కిందికి పరిగెత్తుకొచ్చి తడిగుడ్డ కప్పి, ఫ్యాను కింద పడుకోబెట్టి, మూతికి నీళ్లు తాకించాను. ఆ పూటకు చేయాల్సింది నిజానికి అంతే. అక్కడ ఆగి ఉంటే ఈ కథ లేదు.

మామ అన్నం తింటున్నవాడల్లా లేచి వచ్చాడు. వంగి చూశాడు.

"వడదెబ్బ. ఎర్రగడ్డ దంచమ్మా," అన్నాడు, జేబులోని గడ్డ తీసి నా చేతికిస్తూ.

నేను దంచాను. ఇంతకన్నా ఎట్లా చెప్పాలో తెలియదు. ఏళ్ల తరబడి పిల్లలకు ఎర్ర రక్తకణాల బొమ్మ గీసి చూపించిన చేత్తోనే రోలు తీసి, ఉల్లిగడ్డ దంచి, గుడ్డలో వేసి పిండాను. పిల్లికి ఇది పడుతుందా అన్న ప్రశ్న నాకు రాలేదు. అది బతకాలి, మామకు ఒక మందు తెలుసు, ఆ మందు నామీద పనిచేసింది. అంతే నా తలలో ఉన్నది. మామ ఆ రసాన్ని మజ్జిగలో కలిపి, చదువులకు బయట ఊళ్లలో ఉన్న మా పిల్లల చిన్ననాటి ఉగ్గుగిన్నె తీయించి, పిల్లి దవడ పక్కనుంచి చుక్క చుక్క పోశాడు. అది తల విదిలించింది, ఉమ్మింది, గోళ్లతో ఆయన ముంజేతి మీద రెండు గీతలు గీసింది.

"బలం వస్తాండాది, సూడు," అన్నాడు మామ, నెత్తురు తుడుచుకుంటూ.

పొద్దు వాలేసరికి పిల్లి లేచి నిలబడింది. తువ్వాల దాకా నడిచింది. మామ ఆ సాయంత్రం యార్డుకు ఫోన్ చేసి మరీ చెప్పాడు, ఎర్రగడ్డ పిల్లిని గూడా లేపిందప్పా అని. ఫ్యాను గురించి, తడిగుడ్డ గురించి, నీళ్ల గురించి ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు.

మూడు రోజులంటే మూడు రోజులే కదా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నేను దంచడం, ఆయన పోయడం. ఉగ్గానీలో ఉల్లి అయితే అది ఏరి పక్కన పెట్టగలదు, మజ్జిగలో రసాన్ని ఎట్లా ఏరుతుంది. రెండో రోజు నుంచి ఉగ్గుగిన్నె చప్పుడు వింటే బీరువా కిందికి దూరేది. దూరితే లాగేవాళ్లం.

నాలుగో రోజు అది తిండి ముట్టలేదు. ఐదో రోజు తువ్వాల మీదికి ఎక్కబోయి కుర్చీ సగంలో జారిపడింది. నేను దాని పెదవి ఎత్తి చూశాను. చిగుళ్లు తెల్లగా, సున్నం పూసినట్టు ఉన్నాయి. మా అత్త గోడ మూల చూపించి, "ఇదేమిటమ్మా, కాఫీ రంగులో పోసిండాది" అంది. అప్పుడు మాత్రం నా పాఠాలు నాకు గుర్తొచ్చాయి. రక్తకణాలు పగులుతున్నాయి, ఆ రంగు అదే. ఎందుకు పగులుతున్నాయో మాత్రం అప్పటికీ తట్టలేదు.

పిల్లిని మళ్లీ ఆ ఎర్ర వల సంచిలోనే పడుకోబెట్టుకుని మామ ఆటో ఎక్కాడు. పక్కన నేను. పశువుల ఆసుపత్రిలో మాకు ముందు రెండు బర్రెలు, ఒక గొర్రెల మంద, కాలు విరిగిన కోడిపుంజును చంకలో పెట్టుకున్న ఒకాయన. వల సంచిలోకి తొంగి చూసి ఒక బర్రె ఆసామి, "ఎర్రగడ్డలు తెచ్చినావేమప్పా డాక్టరమ్మకు" అన్నాడు. ఇంకో రోజైతే మామ దానికి దీటుగా జవాబిచ్చేవాడు. ఆ రోజు సంచి మూతి ఇంకొంచెం దగ్గరికి పట్టుకున్నాడు.

మా వంతు వచ్చి లోపలికి పోతే బల్ల అవతల ఉన్న అమ్మాయి లేచి నిలబడింది.

"మేడం, మీరా? నేను మేడం, బైపీసీ, రెండో బెంచీ."

నా దగ్గర ఇంటర్ చదివిన పిల్ల. మంచి మార్కులతో పోయి పశువైద్యం చదివింది. నా గురించి ఆ పిల్లకు ఎంత గొప్ప అభిప్రాయమో ఆ ముఖంలో కనబడుతోంది. పక్కనున్న అటెండరుకు కూడా చెప్పింది, మేడం చెప్పిన పాఠం వల్లే నేను ఈ కుర్చీలో కూర్చున్నానని. ఇంకో సందర్భంలో అయితే ఆ మాటకు నెల రోజులు గాల్లో తేలేదాన్ని.

ఆ అమ్మాయి పిల్లి చిగుళ్లు చూసింది, కళ్లు చూసింది, గుండెకు గొట్టం పెట్టి విన్నది. రక్తం తీసి పరీక్షకు పంపింది. తర్వాత అడిగింది.

"ఏం పెడతారు మేడం దీనికి?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఉగ్గానీ. అందులో ఎర్రగడ్డ ఉంటుంది కదా అంది. ఉంటుంది, కానీ ఏరేస్తుంది అన్నాను. కోడికూర. అందులో? ఎర్రగడ్డ, తెల్లగడ్డ. పప్పన్నం. అందులో? తాలింపులో తెల్లగడ్డ. ఎప్పుడన్నా కారం దోసె. అందులో చెప్పనక్కర్లేదు, పైన పూసే కారమే ఎర్రగడ్డ.

"మీ ఇంట్లో ఎర్రగడ్డ లేనిది ఏముంది మేడం?"

"కాఫీ," అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. "ఈ వారంలో కొత్తగా ఏమన్నా పెట్టినారా?" అంది.

అప్పుడు మామ చెప్పాడు. వడదెబ్బ తగిలిందని, ఎర్రగడ్డ మజ్జిగ పోశామని, మూడు రోజులు, రెండు పూటలా. గర్వంగానే చెప్పాడు, ఇంకా తెలియదు కదా. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"పెద్దాయనా, పిల్లికి ఎర్రగడ్డ విషం. తెల్లగడ్డ ఇంకా విషం. పచ్చిదైనా, ఉడికిందైనా, పొడైనా ఒకటే. దాని రక్తం మన రక్తం మాదిరి కాదు, ఆ ఘాటుకు కణాలు పగిలిపోతాయి."

మామ పిల్లి వైపు చూశాడు. ఆయన్ను అంత చిన్నగా నేను ఎప్పుడూ చూడలేదు.

"ఎర్రగడ్డల్లోనే పుట్టిందమ్మా ఇది," అన్నాడు. "నా మండీలో, మూటల నడుమ. ఎర్రగడ్డల్లో పుట్టినదానికి ఎర్రగడ్డ పడదా?"

"బావి గట్టున పుట్టిన మేక ఈదుతాదా పెద్దాయనా?" అంది ఆ పిల్ల. తర్వాత గొంతు గట్టి చేసుకుని, "తెలిసినోళ్లను అడగకుండా ఇట్ల మందులు చేయద్దు. ఎవరు దంచినారు, ఎంత రసం పోసినారు? సరిగ్గా చెప్పండి, నాకు లెక్క కావల్ల" అంది.

నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. మాట రాకముందే మామ అందుకున్నాడు.

"నేనే దంచినా, నేనే పిండినా, నేనే పోసినా. పూటకు చిన్న గడ్డలో సగం. మా కోడలు ఇంట్లో లేదు, సప్లిమెంటరీ పరీక్షల డ్యూటీకి పోయుండె. ఉండింటే పోయనిచ్చునా?"

ఆ పిల్ల నావైపు తిరిగి, "అదే అనుకున్నా మేడం" అంది.

నేను మళ్లీ నోరు మూసుకున్నాను. నా ముప్పై ఏళ్ల వయసులో కాదు, నలభై దాటాక, నా విద్యార్థిని ముందు, చావుబతుకుల్లో ఉన్న పిల్లి పక్కన, ఒక పెద్దమనిషిని తిట్లు తిననిచ్చి నేను పరువు దక్కించుకున్నాను. ఆయన చేతులు కట్టుకుని నిలబడి మొత్తం తిన్నాడు. ఇంకేం పెట్టకూడదో కూడా శ్రద్ధగా విన్నాడు. ద్రాక్ష, ఎండు ద్రాక్ష, చాక్లెట్ వద్దు. పాలు చాలా పిల్లులకు అరగవు. ఉడికిన గుడ్డు, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం మంచిది. పెరుగన్నం ముద్ద ప్రమాదం కాదు గానీ దాంతో కడుపు నింపకూడదు.

సెలైన్ పెట్టారు, సూదులు వేశారు. బయటికి పంపేటప్పుడు ఆ పిల్ల నాతో మెల్లగా చెప్పింది. రక్తం ఇంకా తగ్గితే వేరే పిల్లి రక్తం ఎక్కించాలి, ఆ ఏర్పాటు ఇక్కడ లేదు. ఇక మందుల కన్నా తిండి ముఖ్యం. ఇట్లాగే ఇంకో రెండు రోజులు తినకుండా ఉంటే కాలేయం దెబ్బతింటుంది. "తింటే బతుకుతాది మేడం. ఎట్లన్నా తినిపించండి."

ఆసుపత్రి మెట్ల మీద మామ ఆగాడు. జేబులో నుంచి ఉల్లిగడ్డ తీసి అటూ ఇటూ చూశాడు. పారేయడానికి చేయి రాలేదు. కోడిపుంజు ఆసామి చేతిలో పెట్టి, "ఎండగా ఉండాది, జేబులో పెట్టుకోప్పా" అని ఆటో ఎక్కాడు. ఎండాకాలంలో ఆయన ఖాళీ జేబుతో బయట తిరగడం అదే మొదటిసారి.

ఇంట్లో మా అత్త కోడిమాంసం ఉడికించింది. ఉప్పు లేకుండా, పసుపు లేకుండా, ఏమీ లేకుండా. గిన్నె వైపు చూసి ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఇట్లాంటిది మీ మామకు పెట్టుంటే ఆ కాలంలోనే నన్ను పుట్టింటికి పంపుండు," అంది.

పిల్లి ముట్టలేదు. నేను వేలితో మూతికి రాశాను, నాకలేదు. అత్త బతిమాలింది, బెదిరించింది, మూడేళ్లలో మొదటిసారి "నా తల్లీ" అన్నది. గుడ్డు పెట్టాం. అదీ లేదు. గోడవైపు తిరిగి పడుకుంది. డొక్కలు ఎగసిపడుతున్నాయి.

మామ మాత్రం దగ్గరికి రాలేదు. యార్డులోనే కుళాయి కింద స్నానం చేసి వచ్చేవాడు, వచ్చి చింతపండుతో చేతులు తోముకునేవాడు, మళ్లీ సబ్బు. తువ్వాల వీధి గేటుకే తగిలించి వచ్చేవాడు. గదిలో ఇవతలి గోడకు ఆనుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చునేవాడు. బడిలో శిక్ష వేసిన పిల్లవాడి మాదిరి.

రెండో రోజు సాయంత్రం నాకు ఓపిక పోయింది. నా కోపం ఎప్పుడూ నా మీద మొదలై వేరేవాళ్ల మీద పడుతుంది.

"మామా, ఎందుకట్ల దూరంగా కూర్చుంటావు? నీ చేత్తో పెడితే తింటాదేమో చూడచ్చు గదా."

"వద్దమ్మా. ఈ చేతులకు ఎన్నేండ్ల వాసనో పట్టిండాది. ఎంత తోమినా పోదు. మళ్లా దానికి తగుల్తాది."

"వాసనతో ఏం కాదు మామా. కడుపులోకి పోతేనే విషం. నేను జువాలజీ చెప్తాండా, నా మాట విను," అన్నాను. అనేశాక నా మాట నాకే వినబడింది. ఇక దాచుకోలేకపోయాను. "జువాలజీ చెప్పేదాన్నే దంచినా. ఆరు పూటలూ దంచింది నేను. రేకుల గది తలుపు వేసింది గూడా నేనే. ఆడ నిలబడి తిట్లు నువ్వు తింటివి."

ఏడ్చాను కూడా. మా అత్త వంటింట్లో నుంచి వచ్చి, ఎవరు చచ్చారో అన్నట్టు చూసి, ఎవరూ చావలేదని తెలుసుకుని అక్కడే నిలబడింది.

మామ చేతులు చూసుకుంటూ చెప్పాడు. "ఆ పాప నిన్ను చూసి లేచి నిలబడె గదమ్మా. నేను మండీలో ఇన్నేండ్లు ఉండా, నన్ను చూసి అట్ల ఎవరు లేస్తారు? ఎర్రగడ్డల వాడు తప్పు చేసినాడంటే తెలీక చేసినాడు అనుకుంటారు. నీది అట్ల కాదు."

లేచి గేటు దగ్గరికి పోయి, ఆయన తువ్వాల తీసుకున్నాను. వీధిలో నిలబడి దులిపాను, అంటుకున్న ఉల్లిపొట్టు ఒక్కటి కూడా లేకుండా ఏరాను. తెచ్చి పిల్లి ముందు పరిచాను.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత ముక్కు కదిలింది. అది గోడవైపు నుంచి తిరిగి, పాకినట్టుగా వచ్చి, తువ్వాల అంచు మీద ముందుకాళ్లు పెట్టింది. బలం లేదు, అయినా పిసికింది. ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. తల్లి పోయిన తర్వాత దానికి తెలిసిన మొదటి వాసన అదే కదా, మూటల వాసన, ఈయన వాసన. రెండు రోజులుగా చింతపండు, సబ్బు కలిసి ఆ వాసనను ఇంట్లోకి రానివ్వలేదు. ఎవరి ఇంట్లోనో వదిలేశారని అనుకుందో ఏమో.

"రా మామా," అన్నాను.

ఆయన వచ్చి కింద కూర్చున్నాడు. ఒక మాంసం పీచు తీసి రెండు వేళ్లతో పట్టుకున్నాడు. పిల్లి మాంసాన్ని వదిలి ముందు ఆయన బొటనవేలు నాకింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కోబోయి ఆగాడు. తర్వాత అది మాంసం తిన్నది. ఇంకో పీచు తిన్నది. మూడోది సగం తిని నిద్రపోయింది.

"ఉప్పు లేనిది ఎట్ల తినిందో," అంది మా అత్త, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. తర్వాత మామ వైపు తిరిగింది. "నా బిడ్డలను ఎత్తుకునేకి ముందు చేతులు కడుక్కోవయ్యా అని మొత్తుకుంటి. ఒక్కనాడు కడిగినావా? పిల్లికి చింతపండు గావల్సి వచ్చె."

మామ అప్పుడు నవ్వాడు, వారం తర్వాత.

కోలుకోవడానికి ఇరవై రోజులు పట్టింది. చివరిసారి చూపించడానికి పోయినప్పుడు నేను ఆ డాక్టరు పిల్లకు నిజం చెప్పేశాను. దంచింది నేనమ్మా అన్నాను. ఆ పిల్ల పిల్లి చిగుళ్లు చూస్తూనే, "తెలుసు మేడం. గడ్డ పొట్టు తీసి దంచినారా, తీయకుండా దంచినారా అని తర్వాత అడిగితే పెద్దాయన తెల్లముఖం వేసినాడు" అంది. అని మొదటి రోజు మాదిరే లేచి నిలబడి, నమస్తే పెట్టింది. బయటికి వచ్చాక మామ నామీద అలిగాడు. అంత కష్టపడి కట్టిన అబద్ధాన్ని పాడు చేశానట.

ఇప్పుడు మా ఇంట్లో ఉగ్గానీ ఎప్పటిలాగే ఉల్లిగడ్డతోనే చేస్తాం. ఒకరోజు పిల్లి కోసం అందరమూ మానేద్దామని మామ అన్నాడు, ఒక పూట తిన్నాడు, "ఇది తినేకన్నా బొరుగులు ఉత్తవి నమలచ్చు" అని తేల్చేశాడు. కుర్చీ కిందికి చిటికెళ్లు మాత్రం పడవు. పిల్లికి వేరే గిన్నె, వేరే వంట. వండేది మా అత్త. ఉప్పు వేయకుండా ఉండటానికి ఆమె ఎంత తన్నుకుంటుందో నాకు తెలుసు. ఇక మామ యార్డులో గడ్డలు కొనడానికి వచ్చిన వాళ్లను ఆపి, "ఇంట్లో పిల్లి ఉండాదా? ఉంటే జాగ్రత్తప్పా" అని చెబుతున్నాడట. సొంత సరుకు గురించి ఇట్లా చెప్పే వ్యాపారి కర్నూల్లో ఇంకొకడు ఉండడు.

ఈ ఏడు శివరాత్రి దాటాక ఉల్లిగడ్డ మళ్లీ ఆయన జేబులోకి ఎక్కింది. మధ్యాహ్నం ఇంటికి వస్తాడు. తువ్వాల దులిపి కుర్చీ మీద వేస్తాడు, పిల్లి ఎక్కుతుంది. వంగి దాని తల నిమరబోయే ముందు ఆగి, జేబులోని గడ్డ తీసి నావైపు చాపుతాడు.

"పట్టుకోమ్మా."

నేను పట్టుకుంటాను. పక్కన బల్ల ఉంది, కిటికీ ఉంది, గూడు ఉంది. ఎక్కడైనా పెట్టచ్చు. ఆ రోజు దంచమని ఇచ్చినట్టే, ఆయన నాకే ఇస్తాడు. ఆయన నిమరడం అయ్యేదాకా, వెచ్చగా ఉన్న ఆ గడ్డను గుప్పిట్లో పెట్టుకుని నేను అక్కడే నిలబడతాను.